రైలు కట్టలోని గాజు పోగు మట్టి కదలికను ఎంతవరకు చెబుతుంది?

పట్టాల పక్కన కేబుళ్ల కోసం కట్టిన కాంక్రీటు కాలువ మూత ఎత్తి, లోపలి ఆప్టికల్ ఫైబర్ (సన్నని గాజు పోగుల) కేబుల్‌ను ఒకసారి చేత్తో లాగి చూశాను. అది ఏ అడ్డూ లేకుండా జానెడు మేర జరిగి వచ్చింది. అడుగున కొంత ఒండ్రు, నాలుగు కంకర రాళ్లు, నిలిచిన నీరు ఉన్నాయి. కేబుల్ వాటి మీద ఊరికే పడి ఉంది. రైలు కట్టల కదలికను కనిపెట్టడానికి ఇప్పటికే ఉన్న ఈ కేబులే చాలునని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ మూత కింది దృశ్యమే గుర్తొస్తుంది. ఫైబర్‌తో నేలను కనిపెట్టుకుని ఉండే పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అయితే ఆ కేబుల్ మట్టిని పట్టుకుని ఉందా, ఉంటే ఏ దిశలో పరిచి ఉంది అని అడగకుండా అది చెప్పేదాన్ని నమ్మకూడదన్న అభిప్రాయమూ అంతే గట్టిగా ఉంది.

ముందుగా గాజు పోగు ఎలా వింటుందో చెప్పాలి. ఒక చివర అమర్చిన యంత్రం లేజర్ కాంతిని అతి చిన్న పల్స్‌లుగా లోపలికి పంపుతుంది. గాజు ఎంత స్వచ్ఛమైనదైనా దానిలో సూక్ష్మమైన సాంద్రతా భేదాలు ఉంటాయి కనుక, దారి పొడవునా ప్రతి చోటు నుంచీ కాంతిలో అత్యల్ప భాగం వెనక్కు చెదిరి వస్తుంది. దీనినే రేలీ పరిక్షేపణం అంటారు. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి కిలోమీటరు దూరం వెళ్లి రావడానికి 10 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ ఆలస్యాన్ని బట్టే తిరిగొచ్చిన కాంతి ఏ చోటిదో తెలుస్తుంది. 40 కిలోమీటర్ల ఫైబర్‌లో ఒక పల్స్ కాంతి పూర్తిగా తిరిగి రావడానికి 400 మైక్రోసెకన్లు కావాలి కనుక సెకనుకు 2,500 పల్స్‌లకు మించి పంపితే ఒకదాని జవాబు మరొకదానితో కలిసిపోతుంది. నేల కంపించినప్పుడు పోగు అణుమాత్రం సాగినా వెనక్కొచ్చే కాంతి దశ, అంటే దాని అలల ఎగుడుదిగుళ్లు వచ్చే వరస, కాస్త జరుగుతుంది. సాధారణంగా 10 మీటర్ల నిడివిని ప్రమాణంగా తీసుకుని ఆ మార్పును లెక్కిస్తారు. మీటరుకొకటి చొప్పున 40 వేల చోట్ల, సెకనుకు 1,000 సార్లు, ఒక్కో కొలతను రెండు బైట్లుగా దాచితే రోజుకు దాదాపు 7 టెరాబైట్లు పోగవుతాయి. అందుకే లెక్కలో అధికభాగం పట్టాల దగ్గరే ముగించి, సారాన్ని మాత్రమే పైకి పంపవలసి వస్తుంది.

ఇక నేల సంగతి. పాత రైలు కట్టల్లో చాలా భాగం 19వ శతాబ్దంలో, దగ్గరలో దొరికిన మట్టిని బండ్లతో తెచ్చి గుమ్మరించి, సరైన దిమ్మిస కూడా లేకుండా కట్టినవి. మట్టి బలాన్ని, దాని రేణువుల మధ్య ఉండే నీటి ఒత్తిడిని కలిపి లెక్కగట్టే శాస్త్రానికి కార్ల్ టెర్జాగీ పునాది వేసింది 1920లలో. అంటే ఆ కట్టలు కట్టేనాటికి ఆ లెక్క ఎవరికీ తెలియదు. బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది. ఆ బీటల్లోకి దిగిన నీరు రేణువుల మధ్య ఒత్తిడి పెంచి, అవి ఒకదానినొకటి ఒరుసుకుని నిలిచే బలాన్ని తగ్గిస్తుంది. వాలు అడుగున మొదలైన జారుడు ఏళ్ల తరబడి మిల్లీమీటర్లలో సాగి, ఒక వానాకాలంలో ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది.

అయితే ప్రతి ప్రమాదమూ ఇలా నెమ్మదిగా రాదు. స్కాట్లండ్‌లోని కార్మాంట్ వద్ద 2020 ఆగస్టు 12న, వాననీరు పోవడానికి తవ్వి, సరిగా నిర్మించని కాలువ నుంచి భారీ వర్షానికి కొట్టుకొచ్చిన రాళ్లు పట్టాల మీద పడి, రైలు పట్టాలు తప్పి ముగ్గురు చనిపోయారు. అంతకు పదేళ్ల ముందు, 2010 ఏప్రిల్ 12న, ఇటలీలోని మెరానో సమీపంలో మట్టిపెళ్లలు రైలు మీద పడి 9 మంది మరణించారు. అక్కడ నేలను తడిపింది సాగునీటి వ్యవస్థ నుంచి కారిన నీరు. వర్షపాతాన్ని బట్టి మాత్రమే హెచ్చరికలు జారీ చేసే పద్ధతి ఇటువంటి చోట అక్కరకు రాదు. నేలనే నేరుగా కనిపెట్టుకుని ఉండాలని నేను అనుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

కాలువలో వదులుగా పడి ఉన్న కేబుల్ కూడా పనికిమాలినదేమీ కాదు. బండరాయి పడినప్పుడు పుట్టే దెబ్బను, రైలు కదలికను అది బాగానే వింటుంది. దూరం ఒక వైపు, కాలం మరో వైపు గీసిన పటంలో ప్రతి రైలూ ఏటవాలు గీతగా కనిపిస్తుంది, ఆ గీత వాలే దాని వేగం. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇంకొకటి ఉంది: రైలు వెళ్తూ నేలలో పుట్టించే ఉపరితల తరంగాలతోనే ఆ నేలను పరీక్షించవచ్చు. సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే 20 హెర్ట్జ్ తరంగం పొడవు 10 మీటర్లు. అది సుమారు 3 నుంచి 5 మీటర్ల లోతు వరకు మట్టి స్థితిని తనతో మోసుకొస్తుంది. కట్ట తడిసి మెత్తబడితే ఆ వేగం తగ్గుతుంది. మెత్తని నేలలో ఈ వేగం ఎంత ముఖ్యమో స్వీడన్‌లోని లెడ్స్‌గోర్డ్ వద్ద 1990ల చివర తేలింది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడిచిన రైళ్లు అక్కడి నేలలోని తరంగ వేగానికి దగ్గరగా రావడంతో కట్ట విపరీతంగా ఊగింది; సున్నం, సిమెంటు కలిపిన స్తంభాలతో ఆ నేలను గట్టిపరచవలసి వచ్చింది.

వదులు కేబుల్ చేయలేనిది నెమ్మదైన కదలికను కొలవడం. సమాచారం కోసం తయారైన కేబుల్‌లో పోగులు జెల్ నింపిన గొట్టంలో స్వేచ్ఛగా ఉంటాయి. బయటి తొడుగు సాగినా పోగు మీద లాగుడు పడకూడదన్నదే దాని ఉద్దేశం. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: తొడుగు పోగును, మట్టి తొడుగును బిగించి పట్టుకోవాలి. అలాంటి కేబుల్‌ను కట్టలో కందకం తీసి, మట్టి కప్పి, పొరపొరగా దిమ్మిస కొట్టి పాతాలి. రేలీ పద్ధతి వేగమైన కంపనాలకు చక్కనిదే గాని, నెలల తరబడి సాగే మార్పుకు లేజర్ సొంత తడబాటు అడ్డు వస్తుంది. కనుక ఇక్కడ సాధారణంగా బ్రిల్వాన్ పరిక్షేపణాన్ని, అంటే గాజులోని ధ్వని తరంగాలకు తగిలి కాంతి చెదిరి రావడాన్ని, వాడతారు. తిరిగొచ్చే కాంతి పౌనఃపున్యం సుమారు 11 గిగాహెర్ట్జ్ మేర జరిగి ఉంటుంది, ఆ జరుగుడు పోగు సాగుదలను బట్టి మారుతుంది. చిక్కల్లా అది ఉష్ణోగ్రతను బట్టి కూడా మారడమే. ఒక డిగ్రీ సెల్సియస్ మార్పు దాదాపు 20 మైక్రోస్ట్రెయిన్‌లుగా, అంటే కిలోమీటరుకు 20 మిల్లీమీటర్ల సాగుదలగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా పక్కనే జెల్ గొట్టపు కేబుల్‌ను కూడా పరుస్తారు. సాగుదల పడని పోగు కనుక అది ఉష్ణోగ్రతను మాత్రమే చెబుతుంది.

దిశను గురించి ఒక చిన్న లెక్క వేసి చూడండి. కట్ట వాలు పట్టాలకు అడ్డంగా కిందికి జారుతుంది. కేబుల్ మాత్రం పట్టాలకు సమాంతరంగా పోతుంది. 10 మీటర్ల నిడివిలో కేబుల్ ఒక కొన 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, ఆ నిడివి పెరిగేది 0.02 మిల్లీమీటరు మాత్రమే. అది 2 మైక్రోస్ట్రెయిన్‌లు, కొలత తడబాటులో కలిసిపోయేంత స్వల్పం. అదే కదలిక కేబుల్ పొడవు వెంబడి జరిగితే 2,000 మైక్రోస్ట్రెయిన్‌లు. వెయ్యి రెట్ల తేడా! జారే భాగం అంచు పదునుగా ఉండి, అంతా ఒక మీటరులోనే జరిగితే పట్టాల వెంటనున్న కేబుల్ కూడా 200 చూపుతుంది గాని, మొదట్లో అంచులు అంత పదునుగా ఉండవు, హెచ్చరిక మనకు కావలసింది ఆ మొదట్లోనే. కాబట్టి అనుమానమున్న వాలుల మీద కేబుల్‌ను పైనుంచి కిందికి, మళ్లీ పైకి మెలికలుగా పరచాలి. ఖర్చు, శ్రమ ఎక్కువే. పట్టాల వెంట నాగలిచాలులా ఒకే గీతలో పాతడం ఎంతో చౌక. అయినా ఎంపిక చేసిన కొన్ని వాలులకైనా ఈ ఖర్చు పెట్టాలన్నదే నా మాట.

కొలత మొదలైన ఏడాది పాటు హెచ్చరికల హద్దులు నిర్ణయించకపోవడం మంచిది. బంకమట్టి కట్ట ఆరోగ్యంగా ఉన్నా ఋతువులతో పాటు ఉబ్బి, కుంచించుకుంటూనే ఉంటుంది. ఒక పూర్తి తడి, పొడి చక్రాన్ని చూడనిదే అసహజమేదో తెలియదు. ఆ తరువాత కదలిక పరిమాణం కంటే దాని వేగం పెరుగుతోందా అన్నది చూడాలి. జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో 1985లో చూపినట్లు, వేగానికి విలోమాన్ని (ఒకటిని వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని) కాలంతో గీస్తే, కూలబోయే వాలుకు ఆ గీత సున్నా వైపు దిగుతుంది. అది అక్షాన్ని తాకే చోటే కూలే సమయానికి అంచనా.

చివరగా, చిన్నదే అయినా నన్ను ఎక్కువగా పట్టి పీడించిన విషయం. ఫైబర్ లోపలి దూరం, పట్టాల కిలోమీటరు రాళ్ల దూరం ఒకటి కావు. అతుకు పెట్టెల్లో చుట్టగా వదిలిన అదనపు కేబుల్ లెక్కను ముందుకు నెడుతుంది. అందుకని తెలిసిన ప్రతి చోటా నేల మీద సుత్తితో కొడతారు. తెర మీద చిన్న మెరుపుగా కనిపించిన ఆ దెబ్బను చూసి, ఈ మీటరు ఈ రాయికి అని పట్టిక రాసుకుంటారు. ఒకచోట తెగిన కేబుల్‌ను అతికినప్పుడు ఇరవై మీటర్ల చుట్ట అదనంగా చేరింది, పట్టికలోకి ఎక్కలేదు. ఆ రాత్రి వచ్చిన హెచ్చరికకు వెళ్లిన మనుషులు టార్చిలైట్లతో, వానలో, పక్క వాలును వెతికి ఏమీ లేదని తిరిగొచ్చారు. అసలు బీట తెల్లవారాక ఇరవై మీటర్ల అవతల కనిపించింది. కేబుల్‌ను ఎవరు ముట్టుకున్నా అదే రోజు మళ్లీ సుత్తి దెబ్బలు కొట్టించి పట్టిక సరిచేయాలని అప్పటి నుంచి పట్టుబడుతున్నాను.