మామయ్య బల్ల

సెప్టెంబర్ 18, గురువారం. డావెన్‌పోర్ట్, అయోవా.

పొద్దున బల్ల తుడవడంతోనే సరిపోయింది. మామయ్య కైరోప్రాక్టర్, అంటే వెన్నుపూసల్నీ కీళ్లనీ చేతులతో సరిచేసేవాడు. నలభై ఏళ్లకు పైగా ఆయన జనం నడుములు సరిచేసిన బల్ల ఇది. మధ్యాహ్నం ఆ విద్య నేర్పే పామర్ కాలేజీలో చదివే కుర్రాడొకడు వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

తల పెట్టే చోట రెండు చిన్న దిండ్లు, మధ్యలో ముక్కుకి సందు. దాని మీద 8.5 అంగుళాల వెడల్పు కాగితం చుట్ట నుంచి ఒక ముక్క పరవాలి. సందు దగ్గర కాగితం చింపడం మరిచిపోతే ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కుకి అంటుకుంటుంది. మామయ్య చింపేవాడు. అయితే సరిగ్గా ఆ సందు కింద, నేల మీద, ఒక ఆకుపచ్చ రబ్బరు కప్పను పెట్టేవాడు. బోర్లా పడుకున్నవాళ్లకి తప్ప ఎవరికీ కనబడదు. వారం వారం దాని వేషం మారేది: ఒకసారి మఫ్లరు, ఒకసారి కళ్లజోడు. రోగి ఫక్కున నవ్వేవాడు. నవ్వితే ఊపిరి బయటికి పోతుంది, వీపు కండరాలు వదులవుతాయి. ఆ క్షణంలోనే మామయ్య చేతులు పని కానిచ్చేసేవి. "గట్టిగా ఊపిరి వదలండి" అంటే జనం ఇంకా బిగుసుకుపోతారట. నదికి అవతల మొలీన్‌లో జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసే మన తెలుగువాళ్లు వస్తే మాత్రం కప్ప అక్కర్లేదు. ఆయన తన అమెరికా యాస తెలుగులో "ఊఫిరీ వడులూ" అంటే చాలు, నవ్వేసేవారు.

నడుము కింద వచ్చే ముక్కని డ్రాప్ అంటారు. మీట నొక్కితే ఆ ముక్క కొద్దిగా పైకి లేచి నిలబడుతుంది. చేత్తో పోటు వేస్తే, అంటే ఒక్కసారిగా వేగంగా నొక్కితే, ధడేల్మని దిగుతుంది. సగం పని ఆ దిగడమే చేస్తుంది కాబట్టి చేతి బలం అంతగా అక్కర్లేదు. దాని బిగువు తిప్పే మర పక్కనే ఉంటుంది, మనిషి బరువుని బట్టి సరిచూసుకోవాలి. వదులుగా ఉంటే మనిషి కదిలినా పడిపోతుంది. బిగువెక్కువైతే పోటు వేసినా దిగదు, ఆ దెబ్బంతా వేసినవాడి మణికట్టు మీదికే వస్తుంది. మామయ్య కుడి మణికట్టు నొప్పికి మూలం అదే. ఆదివారాల్లో మాత్రం ఆ డ్రాప్ మనవలది. బిగువు బాగా వదులు చేసి కూర్చోబెట్టేవాడు, ఎవరు తుమ్మితే వాళ్లు కిందికి.

పక్కకి పడుకోబెట్టి నడుము సరిచేసే పద్ధతిలో ఆయనది అసలైన పనితనం. కింది కాలు చాపించి, పై కాలు మడిచి, ఆ పాదాన్ని కింది మోకాలి వెనక తగిలించాలి. ఒక చెయ్యి భుజం మీద. రెండో అరచేతి మొదట్లో, చిటికెనవేలి వైపు ఒక చిన్న ఎముక ఉంటుంది, దాన్ని బిగుసుకున్న పూస మీద ఆనించాలి. మెల్లగా ఒరిగించుకుంటూ వదులంతా లాగేశాక, ఇక కదలదన్న చోట చిన్న పోటు, వేగంగా. కొత్తవాళ్లు ఆ ముందు ఊపు కోసం చెయ్యి వెనక్కి తీస్తారు. తీయగానే లాగిన వదులు తిరిగొచ్చేస్తుంది, పోటు కండరంలో పడుతుంది, రోగి మర్నాడు మూలుగుతూ లేస్తాడు. బల్ల ఎత్తు కూడా చూసుకోవాలి. ఎత్తుగా ఉంటే చేసేవాడు ఒంటి బరువు వాడలేడు, భుజాలతో లాగుతాడు. ఈ వృత్తిలో నడుం పోగొట్టుకున్నవాళ్లకి కొదవ లేదు.

టప్‌మనే చప్పుడు ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారి పడిపోయి బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. వేలి కీలుని లాగుతూ ఎమ్మారైలో తీసిన చిత్రాలు 2015లో వచ్చాయి, అందులో కనబడుతుంది. అదే కీలు మళ్లీ మోగడానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది. చప్పుడు రాకపోతే డబ్బు వృథా అనుకునేవాళ్లంటే మామయ్యకి చిరాకు.

మెడ దగ్గర కప్పా లేదు, వేళాకోళమూ లేదు. ఎన్నడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మాట తడబడుతున్నా ముట్టుకునేవాడు కాదు. మెడ రక్తనాళం లోపలి పొర చిరిగి ఉండొచ్చని నేరుగా ఆస్పత్రికి పంపేవాడు. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం రాక ఆగిపోవడం ఉన్నా అంతే, ఆ రోజే పంపాలి. ఎముకలు గుల్లబారిన ముసలమ్మలకి పోటు వేయడు, కబుర్లు చెప్పి, నడకలు నేర్పి పంపిస్తాడు.

ఇవాళ్టి తేదీకి ఈ ఊళ్లో ఒక గొప్ప, కైరోప్రాక్టిక్ పుట్టినరోజని. 1895లో ఇదే రోజున డి.డి. పామర్ అనే ఆయన ఇక్కడే హార్వీ లిలార్డ్ అనే పనివాడి వెన్నుపూస నొక్కితే చెవుడు పోయిందని కథ. వినికిడి నరం పుర్రె దాటి వెన్నులోకి రాదు, కాబట్టి ఆ కథ నమ్మడం కష్టం. మామయ్యా నమ్మేవాడు కాదు, కానీ ఏటా ఈ రోజున కేకు తెచ్చి దాని మీద చెవి బొమ్మ వేయించేవాడు. నడుం నొప్పి వరకే మా పని అనేవాడు. 2017లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి మందుల కంటే ముందు చూడదగ్గవాటిలో దీన్నీ చేర్చినప్పుడు ఆ కాగితం గోడకి అంటించాడు. ఆయన ప్రాక్టీసు మొదలుపెట్టింది 1978లో. అప్పుడు డాక్టర్లు వీళ్లతో కలిసి పనిచేయడం వాళ్ల సంఘం నియమాలకే విరుద్ధం.

సొరుగులో పల్చటి ప్లాస్టిక్ గ్లాసుల కట్ట దొరికింది, పదకొండు మిగిలాయి. ఇంటివాళ్ల కోసం మాత్రమే. ఒకటి చంకలో దాచుకుని, తల పక్కకి తిప్పుతూ మోచెయ్యి నొక్కితే మెడ విరిగినట్టే ఫెళ్లుమంటుంది. మెత్తటి గ్లాసులు పనికిరావు, పెళుసువి కావాలి. నొక్కడం, తిప్పడం ఒకేసారి జరగాలి, అంతవరకూ నవ్వకూడదు. ఆ చివరిది మామయ్యకే చేతనయ్యేది కాదు.

మూడింటికి కుర్రాడు వచ్చాడు. డ్రాప్ మర ఎటు తిప్పాలో చూపించాం. మా పదేళ్లది గుమ్మం దగ్గర నిలబడి, మొహం అమాయకంగా పెట్టి, "మెడ పట్టేసిందండీ" అంటూ రెండు చేతులతో గడ్డం పట్టుకుంది.

ఇప్పుడు పది గ్లాసులు.