హెచ్‌పీ-25: ‘అడాప్టర్ పెట్టి చూశాం, వెలిగింది’ అంటే కొనకండి

హెచ్‌పీ కంపెనీ ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ హెచ్‌పీ-25 1975లో 195 డాలర్ల ధరతో వచ్చింది. ఎర్ర ఎల్ఈడీ అంకెలు, 49 స్టెప్పుల ప్రోగ్రాం, సంఖ్యలు దాచుకోవడానికి 8 రిజిస్టర్లు. అమెరికా నుంచి సెకండ్‌హ్యాండ్‌ది తెప్పించాను. ‘బ్యాటరీ పోయింది, అడాప్టర్‌తో టెస్ట్ చేశాం, పనిచేస్తోంది’ అని అమ్మినాయన గొప్పగా రాశాడు. ఈ మోడల్‌ని చంపేది సరిగ్గా ఆ టెస్టే.

విప్పడం తేలిక. బ్యాటరీ ప్యాక్ తీసి, పైవైపు రబ్బరు పాదాల కింద ఉన్న రెండు స్క్రూలు విప్పితే వెనక డొప్ప ఊడివస్తుంది.

పాత నికెల్-కాడ్మియం సెల్స్ కారి కాంటాక్టుల నిండా చిలుము పట్టింది. కారింది క్షారం కాబట్టి ముందు ఇయర్‌బడ్‌తో వెనిగర్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడవాలి. గరుకు కాగితం వద్దు, పూత లేచిపోతుంది. ప్యాక్‌లో రెండు కొత్త ఏఏ నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేశాను. డిస్‌ప్లే మినుకుమినుకుమంది. సెల్స్ దగ్గర 2.6 వోల్టులు, బోర్డు మీద 2.1. ఆఫ్‌లో కొలిస్తే ఈ తేడా దొరకదు, ఆన్‌లో ఉంచే కొలవాలి. నెగటివ్ కాంటాక్టు అడుగున ఇంకా చిలుము ఉంది. అది పోయాక 0.00 నిలకడగా వచ్చింది. కూడికలు, సైన్ 30, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అసలు తలనొప్పి మెమరీలో. ఎస్‌టీవో 1 (దాచే మీట) నొక్కి ఏ సంఖ్య దాచినా ఆర్‌సీఎల్ 1 (తిరిగి తెచ్చే మీట) నొక్కితే చెత్త వస్తోంది. ఎనిమిది రిజిస్టర్లదీ అదే వరస. బాగున్న హెచ్‌పీ-25ని ఆన్ చేసి, స్విచ్ ప్రోగ్రాం వైపు జరిపి, ఒక్కో స్టెప్పు ముందుకి జరిపే ఎస్‌ఎస్‌టీ మీట నొక్కితే ప్రతి స్టెప్పులో 13 00 కనిపించాలి, అంటే జీటీవో 00, ‘00వ స్టెప్పుకి వెళ్లు’ అనే ఆదేశం. ఇందులో ఒక్కో స్టెప్పుకి ఒక్కో అర్థంలేని కోడ్. ప్రోగ్రాం, రిజిస్టర్లు ఉండేది ఒకే ర్యామ్ (మెమరీ) చిప్‌లో కాబట్టి రెండూ కలిసి పోతే అనుమానం దాని మీదే. అయినా చిప్‌ని నిందించే ముందు దానికి అందే సప్లై వోల్టేజీలు చూడాలి. ప్లస్ 6 వోల్టుల దగ్గర ఒకటి, మైనస్ 12 వోల్టుల దగ్గర ఒకటి ఉండాలి. రెండూ ఉన్నాయి. అంటే చిప్ పోయినట్టే.

ఎలా పోయిందో చూడండి. అడాప్టర్ ఇచ్చేది ఏసీ. అది లోపల డీసీగా మారి సెల్స్ మీదికి వెళ్తుంది. వోల్టేజీ పెరగకుండా పట్టి ఉంచేవి ఆ రెండు సెల్సే. అవి లేకపోయినా, చచ్చినా, చిలుము వల్ల తగలకపోయినా ఎక్కువ వోల్టేజీ తిన్నగా చిప్స్ మీద పడుతుంది. డిస్‌ప్లే వెలిగింది కదా అని అమ్మినాయన సంతోషించాడు, ఈలోగా ర్యామ్ కాలిపోయింది. అడిగితే ‘యాభై ఏళ్ల వస్తువు, అంతే’ అని జవాబు! వస్తువు వయసు కాదండీ తప్పు, తెలియని వస్తువుకి కరెంటు పెట్టడం తప్పు. అడాప్టర్ ఫొటో ఉండి బ్యాటరీ ఫొటో లేని ప్రకటన కనిపిస్తే నేనైతే తిరిగి చూడను.

కీబోర్డు పోయిన మరో హెచ్‌పీ-25 చవగ్గా దొరికితే దాని ర్యామ్ తీశాను. బోర్డు మీద గీతలు సన్నం, వేడి ఎక్కువైతే లేచిపోతాయి. ఎర్త్ ఉన్న సోల్డరింగ్ ఐరన్, 320 డిగ్రీలు, ఫ్లక్స్ (టంకం బాగా కరిగి పారడానికి పూసేది) ధారాళంగా, మంచి విక్ (కరిగిన టంకాన్ని పీల్చే రాగి అల్లిక). హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. ఒక్కో పిన్ను వదులై కదిలేదాకా చిప్‌ని లాగకూడదు. చేతికి ఎర్త్ స్ట్రాప్ తప్పనిసరి, ఈ పాత చిప్స్ ఒంటి మీది స్టాటిక్ కరెంటుకి తట్టుకోవు.

చిప్ మార్చాక 49 స్టెప్పుల్లోనూ 13 00 వచ్చింది, రిజిస్టర్లు దాచింది దాచినట్టు తిరిగి ఇస్తున్నాయి. సెల్స్ బయటి ఛార్జర్‌లోనే ఛార్జ్ చేస్తున్నాను. అడాప్టర్ సాకెట్‌ని టేపుతో మూసేశాను.