రీఫ్ డైవ్‌లో జెల్లీలు: వేటిని చూడాలి, దేనికి దూరం జరగాలి

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కి డైవింగ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది నీళ్లలో ఉన్నంతసేపూ పగడాలనే చూస్తారు. ఒళ్లంతా పారదర్శకంగా ఉండి తేలిపోయే జీవులు కంటపడాలంటే రీఫ్‌కి, అంటే పగడాల దిబ్బకి, వీపు తిప్పాలి. అందుకు మంచి అవకాశం సేఫ్టీ స్టాప్, అంటే పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగడం. ఎలాగూ అక్కడ ఆగాలి కదా! డెప్త్ గమనించుకుంటూనే, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుని, ముఖానికి మూరెడు దూరంలో ఉన్న నీళ్లలోకి చూడండి.

కోంబ్ జెల్లీ ఒంటిమీద ఎనిమిది వరుసలుంటాయి. వాటి వెంట ఇంద్రధనుస్సు రంగులు పరుగెడతాయి. ఈదడానికి కొట్టుకునే సన్నని నూగు మీద టార్చి వెలుగు పడి విడిపోవడం వల్ల వచ్చే రంగులవి. టార్చి ఆర్పితే ఉండవు. ఇది కుట్టదు. కానీ ఎంత సున్నితమంటే, కాలికి తొడిగిన ఫిన్ విసురుకే చిరిగిపోతుంది. దయచేసి ముట్టుకోకండి. కాళ్లు ఆపి, ఊపిరితోనే మట్టం నిలుపుకోండి.

గొలుసుగా సాగే సాల్ప్‌లను జెల్లీఫిష్ అనుకుంటారు గానీ, అవి వెన్నెముక ఉన్న జీవులకే దగ్గరి చుట్టాలు. పీపాకి వేసిన కట్లలాంటి కండరాల పట్టీలు, ఒక చివర ముదురు రంగు చుక్క. ఆ చుక్కే పేగు. పట్టీలు బిగిసినప్పుడల్లా నీరు వెనక్కి చిమ్ముతుంది. ఈతకీ, తిండి వడగట్టుకోవడానికీ ఆ నీరే ఆధారం. కెమెరా ఆటోఫోకస్ పారదర్శకమైన ఒంటిమీద నిలవదు, పేగు మీద లాక్ చేయండి.

నాలుగు మూలలున్న గంట ఆకారపు ఒళ్లు, మూలల నుంచి వేలాడే తీగలు కనిపిస్తే అది బాక్స్ జెల్లీ. వెంటనే దూరం జరగాలి. రాత్రి డైవ్‌లో టార్చి వెలుగుకి దగ్గరికొస్తుంది కూడా. తాడుకి చుట్టుకున్న తెగిన తీగ ముక్క అయినా కుడుతుంది. ఒంటినిండా పల్చటి లైక్రా సూట్ ఉంటే చాలావరకు రక్షణే. మిగిలేవి మెడ, మణికట్లు, పెదాలు.

కుట్టినా కంగారుగా పైకి దూసుకుపోకూడదు, అది ఊపిరితిత్తులకే ముప్పు. బోటెక్కాక రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. బాక్స్ జెల్లీ అయితే కనీసం 30 సెకన్లు వెనిగర్ ధారగా పోసి, తర్వాత పట్టకారుతో తీగలు తీయాలి. వెనిగర్ నొప్పి తగ్గించదు, ఇంకా విషం చిమ్మని కణాలను ఆపుతుందంతే. నీలి తిత్తితో నీటిపై తేలే బ్లూబాటిల్ అయితే సముద్రపు నీటితో కడిగి, 45 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. ఊపిరి అందకపోతే ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. వెనిగర్, ఆక్సిజన్ రెండూ ఉన్నాయో లేదో బోటు కదలకముందే అడగండి.