ఏడో రౌండులో దేహదారుఢ్యంపై పందెం

అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు రౌండ్లవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ఏటి కార్యక్రమంలో, మొదటి రౌండు ఎంపికల గురించి మాట్లాడేవారికి కొదవ లేదు. నాకు మాత్రం ఆసక్తి ఆరో రౌండు, ఏడో రౌండు దగ్గరే మొదలవుతుంది. ఆట అంతంతమాత్రంగా వచ్చిన యువకుణ్ణి, ఒక్కోసారి ఆ ఆట ముఖమే చూడని యువకుణ్ణి, కేవలం అతని ఎత్తు, వేగం, ఎగిరే శక్తి చూసి జట్లు తీసుకునేది ఎక్కువగా అక్కడే. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా, ఏ పిల్లవాడు ఏ ఆటకు పనికివస్తాడో తేల్చడం నాకు నిత్యం ఉండే పని కనుక, అలాంటి ఎంపికల్లో ఏది సబబో ఏది కాదో తూచి చూడడం అలవాటైపోయింది. డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు డ్రాఫ్ట్ ముగిసిన ప్రతిసారీ ఫోన్ చేసి, "మామా, ఆట ఆడుడే రానోణ్ణి ఎట్ల తీస్కుంటరు?" అని అడుగుతుంటాడు. ఫోనులో చెప్పి ముగించగలిగే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా వెల సంగతి చూడాలి. 1994 నుంచి ఈ డ్రాఫ్ట్ ఏడు రౌండ్లలో సాగుతోంది. 32 జట్లు కలిసి ఏటా సుమారు 250 నుంచి 260 మందిని ఎంచుకుంటాయి. ఏడో రౌండు పూర్తయిందంటే, మిగిలిపోయిన వాళ్ళను ఏ జట్టయినా పిలిచి ఒప్పందం రాసుకోవచ్చు. అందువల్ల 230వ స్థానంలో ఒకణ్ణి ఎంచుకోవడమంటే, మరికాసేపట్లో అందరికీ అందుబాటులోకి రాబోయే ఆటగాణ్ణి పోటీ లేకుండా ముందే మాట్లాడుకోవడం తప్ప మరేమీ కాదు. ఆ స్థానంలో దొరికే ఆట తెలిసిన కుర్రవాడిలో ఎదుగుదల చాలావరకు ముగిసే ఉంటుంది. అతడు మహా అయితే రెండో వరుసలో కూర్చుంటాడు, లేదంటే ఒకటి రెండేళ్ళలో ఇంటికి వెళ్తాడు. దేహం ఉండి ఆట రానివాడు కూడా తొంభై పాళ్ళు ఇంటికే వెళ్తాడు, కానీ మిగిలిన పది పాళ్ళలో అతడు అందుకోగల ఎత్తు వేరు. పోయేది ఇద్దరి విషయంలోనూ ఒకటే అయినప్పుడు, వచ్చేది ఎక్కువగా ఉన్నవాడి వైపు మొగ్గడంలో తప్పు లేదని నా అభిప్రాయం. ఇదే తర్కాన్ని మూడో రౌండుకు తీసుకువెళ్తే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే అక్కడ వదులుకునేది రేపటి నుంచే మైదానంలో దిగగల ఆటగాణ్ణి.

దేహాన్ని కొలిచే తీరు మనకు కొత్తది కాదు. ఇండియానాపొలిస్‌లో 1987 నుంచి జరుగుతున్న కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళ దేహాన్ని కొలిచే పరీక్షల్లో, 40 గజాల పరుగు, నిలువు గెంతు, నిలబడి దూకే లాంగ్ జంప్, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరన్న పరీక్ష, షటిల్ పరుగు వంటివి ఉంటాయి. మన తెలంగాణ క్రీడా పాఠశాలల ప్రవేశానికి పెట్టే పరీక్షల్లోనూ ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, నిలువు గెంతు, షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు ఉంటాయి. రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అయితే మనం పరీక్షించేది నాలుగో తరగతిలో చేరబోయే పిల్లల్ని. వాళ్ళ ముందు నేర్చుకోవడానికి పదేళ్ళకు పైగా ఉంటుంది. అక్కడ పరుగెత్తేవాడికి ఇరవై రెండేళ్ళు ఉంటాయి, అతడు నేర్చుకోవడానికి ఉన్న గడువు రెండు మూడేళ్ళు. ఒకే కొలత ఆ చిన్నవాడి విషయంలో ఆశ, ఈ పెద్దవాడి విషయంలో అప్పు.

ఆ కొలతను కూడా చూడవలసినంతే చూడాలి. ఎర్రమట్టి మైదానంలో సున్నపు గీత దగ్గర వాచీ పట్టుకొని నిలబడేవాడికి ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. పిల్లవాడు కదిలాడని కన్ను గ్రహించి, వేలు మీట నొక్కేలోపు పరుగు మొదలైపోయి ఉంటుంది. ముగింపు గీత దగ్గర మాత్రం అతడు వచ్చేది దూరం నుంచే కనిపిస్తుంది కనుక వేలు సరిగ్గా, ఒక్కోసారి కాస్త ముందుగానే నొక్కుతుంది. అందుకే చేతి వాచీ లెక్క ఎప్పుడూ యంత్రపు లెక్కకన్నా తక్కువ చూపుతుంది. ఒకే కుర్రవాడి మీద ఇద్దరు వాచీలు పట్టినా అంకెలు కలవవు. కంబైన్‌కు పిలుపు రానివారు విశ్వవిద్యాలయాల మైదానాల్లో చేసే పరుగులను చేతి వాచీలతో కొలవడం సర్వసాధారణం కనుక, అక్కడ సెకనులో పదో వంతు తేడాకు మురిసిపోవడం అనవసరం. పైగా ముందువరుసలో నిలబడే భారీకాయుడు మ్యాచ్‌లో 40 గజాలు ఏకబిగిన పరుగెత్తే సందర్భం దాదాపు రాదు. అతని విషయంలో చూడవలసింది మొదటి పది గజాలు.

ఇక అసలు విషయం. ఇలాంటి ఎంపికలకు రెండు ఉదాహరణలను ఎదురెదురుగా పెట్టి చూస్తే నేను చెప్పదలచుకున్నది తేటపడుతుంది. 2016లో మిన్నెసోటా జట్టు ఆరో రౌండులో 180వ ఆటగాడిగా జర్మనీకి చెందిన మోరిట్జ్ బోరింగర్‌ను ఎంచుకుంది. అతడు అమెరికా కళాశాలల్లో ఆడలేదు, కానీ తన దేశపు లీగులో ఇదే ఆట ఆడాడు. 40 గజాలను 4.43 సెకన్లలో పరుగెత్తాడు. 2018లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు ఏడో రౌండులో 233వ ఆటగాడిగా ఆస్ట్రేలియాకు చెందిన జోర్డన్ మైలాటాను ఎంచుకుంది. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, సుమారు 157 కిలోల బరువు ఉన్న ఈ రగ్బీ లీగ్ ఆటగాడు అప్పటివరకు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆట తెలిసినవాడు బోరింగర్, తెలియనివాడు మైలాటా. అయినా బోరింగర్ ఒక్క సీజన్ మ్యాచ్‌లోనూ దిగకుండానే నిష్క్రమించగా, మైలాటా 2020లో ఎడమ ట్యాకిల్‌గా, అంటే బంతి విసిరేవాడి మీదికి ప్రత్యర్థి రాకుండా ముందువరుసలో అడ్డుకునేవాడిగా, స్థిరపడి, 2021లో నాలుగేళ్ళకు 6.4 కోట్ల డాలర్ల ఒప్పందం పొంది, 2025 ఫిబ్రవరిలో లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో నిలిచాడు.

తేడా అంతా వాళ్ళు నిలబడిన స్థానంలో ఉందని నేను అనుకుంటాను. బోరింగర్ వైడ్ రిసీవర్, అంటే ముందుకు పరుగెత్తి, విసిరిన బంతిని పట్టుకునేవాడు. ఆ స్థానంలో వేగం ప్రవేశ రుసుము మాత్రమే. పరుగెడుతూనే ఎదుటి రక్షణ వరుస మారడాన్ని గమనించి, దానికి తగ్గట్టు తన దారి మార్చుకోవాలి, అదే మార్పును అదే క్షణంలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూడా ఊహించాలి, తనను ఆరంభంలోనే నెట్టి ఆపే కార్నర్‌బ్యాక్ చేతులను తప్పించుకోవాలి. ఇవన్నీ చిన్ననాటి నుంచి వేలసార్లు చేస్తేగాని అబ్బవు. ట్యాకిల్‌కు కూడా తెలివి కావాలి, కాదనను. కానీ అతని పని ఎక్కువగా ఒక్క మనిషితో, నాలుగు గజాల జాగాలో జరుగుతుంది. వెనక్కి, పక్కకు జారుతూ అడుగులు వేసి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, సరైన సమయంలో చేతులు చాచి ఎదుటివాడి ఛాతీని అందుకోవాలి. మైలాటా అంతవరకు బంతి పట్టుకొని ముందుకు దూసుకుపోవడమే తెలిసినవాడు. వెనక్కి అడుగు వేయడం అతనికి నేర్పవలసి వచ్చింది. జెఫ్ స్టౌట్‌లాండ్ అనే లైన్ కోచ్ ఆ పని చేశాడు. మొదటి రెండు సీజన్లలో మైలాటా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, నడుము నొప్పితో రెండూ గాయపడినవారి జాబితాలోనే ముగిశాయి. అయినా జట్టు అతణ్ణి వదులుకోలేదు.

ఆ ఓపిక వెనుక జట్టు కూర్పు నియమం కూడా ఉంది. ప్రధాన జట్టులో 53 మందికే చోటు. ఆ చివరి చోట్లలో కూర్చునే రిసీవర్లు, లైన్‌బ్యాకర్లు, వెనుకవరుస రక్షకులు కిక్కుల సమయంలో పరుగెత్తి ప్రత్యర్థిని పడగొట్టి తమ తిండి తాము సంపాదించుకోవాలి. ఆట రానివాడు ఆ పని చేయలేడు, కనుక అతడు మొదటి ఏడాదే జట్టుకు భారం. ట్యాకిల్ నుంచి ఆ పని ఎవరూ పెద్దగా ఆశించరు కనుక అతణ్ణి మూలన కూర్చోబెట్టి నేర్పవచ్చు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే ప్రధాన జట్టుకు బయట సాధన కోసం ఉంచుకునే బృందంలో, దాచుకుందామంటే, ముందు అందరి కళ్ళముందు విడుదల చేయాలి, ఆ తర్వాత కూడా మరో జట్టు తన ప్రధాన జట్టులోకి పిలుచుకోవచ్చు. ఇన్ని చిక్కుల మధ్య ఏ స్థానం వాణ్ణి ఊరికే కూర్చోబెట్టగలమో లెక్క వేసుకోని జట్టు, ఎంత మంచి దేహాన్ని ఎంచుకున్నా ఇతరుల కోసం ఎంచుకున్నట్టే.

మా పాఠశాలలో వాలీబాల్‌కు ఈ సూత్రమే పాటిస్తాను. పొడవుగా ఉండి, చేతులు వల మీదికి సులువుగా లేచే కుర్రవాడు ఎనిమిదో తరగతిలో కొత్తగా వస్తే అతణ్ణి స్మాష్ కొట్టేవాడికి బంతి అందించే సెట్టర్‌గా పెట్టాలన్న ఆలోచనే రానివ్వను, బ్లాక్‌కు పెడతాను. నేను స్టూలెక్కి వలకు అవతల రెండు చేతులతో బంతి గట్టిగా పట్టుకుంటాను. అతడు పక్కకు రెండడుగులు వేసి, ఎగిరి, వేళ్ళు విప్పిన అరచేతులు రెండూ బంతి మీద మోపి, వల తగలకుండా దిగాలి. మొదట్లో చేతులు వెనక్కి పోతాయి, కళ్ళు మూసుకుపోతాయి. సాయంత్రాలు అదొక్కటే చేయిస్తే, ఆట మొత్తం రాకపోయినా ఆ ఒక్క పనిలో అతడు జట్టుకు పనికివస్తాడు. సెట్టర్‌కు మాత్రం పొట్టివాడైనా సరే, మూడేళ్ళుగా ఊరి మైదానంలో పెద్దవాళ్ళ మధ్య ఆడుతున్నవాడే కావాలి.

ఇక్కడ ఇంకో సంగతి. "ఆట రాదు" అని మనం అనుకునేవాడికి తరచూ మరో ఆట బాగా వచ్చి ఉంటుంది. ఆంటోనియో గేట్స్ కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడాడు. 2003లో ఎవరూ డ్రాఫ్ట్ చేయకపోయినా శాన్ డియేగో జట్టులో చేరి, టైట్ ఎండ్‌లలో, అంటే ముందువరుస పక్కన నిలబడి అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాళ్ళలో, ఎవరికీ లేనన్ని 116 టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించే) క్యాచ్‌లు పట్టాడు. బాస్కెట్ కింద వీపుతో ప్రత్యర్థిని అడ్డుకొని బంతికి చోటు చేసుకోవడం అతనికి ముందే వచ్చు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచిన బాబ్ హేస్‌ను డల్లాస్ జట్టు ఏడో రౌండులో తీసుకున్నదని చెప్పి వేగం ఒక్కటే చాలనేవారున్నారు. అతడు కళాశాలలో ఫుట్‌బాల్ కూడా ఆడిన సంగతి వాళ్ళు చెప్పరు. ఇక 2000లో 40 గజాలను 5.28 సెకన్లలో ఈడ్చి, 199వ స్థానంలో ఎంపికై, తర్వాత మేటి క్వార్టర్‌బ్యాక్‌గా ఎదిగిన టామ్ బ్రేడీని చూపి కొలతలన్నీ వృథా అనేవారిది మరో అతి. క్వార్టర్‌బ్యాక్‌కు ఆ కొలత అవసరం తక్కువ అని మాత్రమే దాని అర్థం.

మా మేనల్లుడు 2024లో అడిగిన పేరు ట్రావిస్ క్లేటన్. ఇంగ్లండ్‌కు చెందిన రగ్బీ ఆటగాడు, ఆరడుగుల ఏడు అంగుళాలు, సుమారు 137 కిలోలు, 40 గజాలు 4.79 సెకన్లు, బఫెలో జట్టు ఏడో రౌండులో 221వ ఆటగాడిగా ఎంచుకుంది. స్థానం ట్యాకిల్, వెల దాదాపు శూన్యం, పైగా ఆ ఏడాది నుంచి ప్రతి జట్టుకూ విదేశీ ఆటగాడి కోసం ప్రాక్టీస్ స్క్వాడ్‌లో అదనంగా ఒక చోటు ఇస్తున్నారు. అతడు రేపు ఏమైనా కానీ, ఆ రోజు ఆ స్థానంలో ఆ ఎంపిక సరైనదేనని మావాడితో అన్నాను. అదే వేగాన్ని చూసి అతణ్ణి నాలుగో రౌండులో తీసుకుని ఉంటే, లేదా అవే అంకెలతో వచ్చిన మరో రగ్బీ ఆటగాణ్ణి రిసీవర్‌గా మారుస్తామని ఉంటే, వద్దనే వాణ్ణి.