గోడ మీది ముచ్చట్లు: మాంచెస్టర్ హాస్యచిత్రాల గురించి

మాంచెస్టర్‌లో జాన్ ఇ. బ్లేక్లీ తీసిన హాస్యచిత్రాల స్క్రిప్టులలో కొన్నిచోట్ల సంభాషణలే ఉండేవి కావు. 'బిజినెస్' అనే మాటకు ఒక పొట్టిరూపం రాసి వదిలేసేవారు. అక్కడ నటుడు నాటకశాలల్లో ఏళ్లతరబడి ఆడి పదును పెట్టుకున్న తన అంశాన్ని తానే నడిపించుకోవాలన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు చిన్నప్పుడు కొమురవెల్లి మల్లన్న జాతరలో విన్న ఒగ్గు కథ గుర్తుకు వచ్చింది. అక్కడ కూడా ప్రధాన కథకుడు ఒక చోట ఆగితే, పక్కనున్న వంతగాడు ఏదో ఒక మాట అందుకునేవాడు, జనం నవ్వుతున్నంతసేపు దాన్ని సాగదీసేవాడు, నవ్వు పలచబడగానే డోలు దెబ్బతో కథ మళ్లీ దారిలో పడేది.

బ్లేక్లీ సంస్థ పేరు మాంకూనియన్ ఫిల్మ్స్, అంటే మాంచెస్టర్ వారి సినిమాలు అని. 1947లో ఆ ఊరి రషోమ్ ప్రాంతంలో, డికెన్సన్ రోడ్డు మీద, పాత ప్రార్థనామందిరం ఒకటి తీసుకుని దాన్నే స్టూడియోగా మార్చుకున్నారు. అది బ్రిటన్ సినిమాహాళ్లు కిటకిటలాడిన కాలం. 1946 ఒక్క సంవత్సరంలోనే అక్కడ 163 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. విదేశీ చిత్రాల రాబడి మీద 1947 ఆగస్టులో ప్రభుత్వం 75 శాతం సుంకం వేయగా, హాలీవుడ్ కొత్త సినిమాలను పంపడం నిలిపివేసింది. తక్కువ ఖర్చుతో, వేగంగా తయారయ్యే స్వదేశీ సినిమా కోసం హాళ్లవారు ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే రషోమ్‌లో లైట్లు వెలిగాయి.

కథలు బలహీనమైనవన్న మాట నిజమే. కథ మధ్యలో ఆగిపోతుంది, జోసెఫ్ లాక్ వంటి గాయకుడు వచ్చి నిండు గొంతుతో ఒక పాట పాడి వెళ్తాడు, కెమెరా ఎదురుగా కదలకుండా చూస్తూ ఉంటుంది. దీన్ని చేతకానితనం అన్నవారు ఉన్నారు గానీ నేను ఒప్పుకోను, ఎందుకంటే కెమెరా అలా నిలబడినందువల్లనే నాటకశాలలతోపాటు కనుమరుగు కావలసిన ఒక కళ మొత్తం, కాళ్లూ చేతులతో సహా, మనకు మిగిలింది. ఈ సినిమాల హాస్యనటుడు, విగన్ ఊరి మనిషి ఫ్రాంక్ ర్యాండిల్ తన ఇంగ్లండ్ ఉత్తరాది యాసలోనే మాట్లాడాడు, లండన్ కోసం దాన్ని చదును చేసుకోలేదు. తెలుగు తెరమీద మన తెలంగాణ యాసను చాలాకాలం రౌడీకీ హాస్యగాడికీ మాత్రమే ఇచ్చిన తీరు చూసిన నాకు, సొంత యాసలో సొంతవారికోసం తీసిన ఆ సినిమాల విలువ బాగా తెలుస్తుంది. 1954లో స్టూడియోను బీబీసీ కొనుక్కుంది. 1975లో కట్టడాన్నే కూల్చివేశారు.

అందరికన్నా నాకు ఇష్టమైనవాడు రోచ్‌డేల్‌కు చెందిన హాస్యనటుడు నార్మన్ ఎవాన్స్. పళ్లు లేని ఒక ఇల్లాలి వేషం కట్టి, ప్రహరీగోడ మీద ఎదను ఆనించి, కనిపించని పొరుగింటావిడతో వీధి ముచ్చట్లన్నీ చెబుతాడు. కాలు జారితే ఇటుక తగిలి మూతి వంకర తిప్పుకుంటాడు. 1950లో వచ్చిన సినిమాకు ఆ అంశం పేరే, 'ఓవర్ ది గార్డెన్ వాల్' అని, పెట్టారు. కిందటి సంక్రాంతికి హన్మకొండలో మా ఇంట్లో ఆ ముక్కను ఫోన్‌లో చూస్తుంటే, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా నాయనమ్మ పక్కన కూర్చుని కొంతసేపు కళ్లు చికిలించి చూసింది. గోడ మీదినుంచి జారినచోట పకపకా నవ్వింది. ఒగ్గు కథలో చీర కట్టుకుని ఆడే మగవాళ్లను చిన్ననాటి నుంచి చూసిన మనిషి కాబట్టి, ఆ తరువాత ఫోన్‌ను నా చేతిలోంచి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"గీమె ఆడామె కాదురా, మొగోడే. ఆ చేతులు చూడు," అన్నది. "మళ్ల పెట్టు, గోడ మీదికెళ్లి జారేది."