అరబ్బు ఇంట్లో పగడాల తొట్టి: చెరువు పని తెలిసినవాళ్లకు

గంజాం తీరం కుర్రాళ్లు సూరత్ మగ్గాలు వదిలి గల్ఫ్ దారి పట్టాక దొరికే పనుల్లో అక్వేరియం మెయింటెనెన్స్ ఒకటి. గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపురం వైపు తెలుగువాళ్లకు ఇది తొందరగానే పట్టుబడుతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో గీత చూడటం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తి) కిట్టులో చుక్కలు లెక్కపెట్టడం రొయ్యల చెరువు గట్టు మీదే నేర్చుకుని వస్తారు కదా. అయితే చెరువు అలవాటు ఒకటి ఇక్కడ కొంప ముంచుతుంది. పంట తొందరగా ఎదగాలని మేత పెంచుకుంటూ పోవడం. రాతి పగడానికి ఆ తొందర లేదు. నిన్న ఎలా ఉన్న నీళ్లు ఇవాళా అలాగే ఉంటే దానికి చాలు.

రాతి పగడం అంటే సున్నపు ఎముక మీద పల్చటి మాంసం, ఆ మాంసంలో నోళ్లు, నోటి చుట్టూ వేళ్లలాంటి కొసలు. మాంసం లోపల కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు చక్కెర తయారుచేసి పగడానికి ఇస్తుంది. తిండిలో పెద్ద వాటా అదే. మనం వేసే మేత పైకూర కింద లెక్క. అందుకే మేత తక్కువై చచ్చిన పగడాలు అరుదు. నీళ్లు అటూ ఇటూ ఊగి చచ్చేవే ఎక్కువ. ఒక్క టుబాస్ట్రియాను, అదే సన్ కోరల్‌ను, ఈ లెక్కలోంచి తీసెయ్యాలి. దాని ఒంట్లో నాచు ఉండదు. రెండు మూడు రోజులకోసారి ప్రతి నోటికీ విడివిడిగా తినిపించాల్సిందే. కంపెనీ ఒక్కో ఇంటికి వారానికి ఒక్క విజిటే ఇస్తే, తినిపించే మనిషి ఇంట్లో ఉంటే తప్ప సన్ కోరల్ వద్దని ఓనరుకు ముందే చెప్పెయ్యండి.

ఇక నీళ్ల లెక్క. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి భాగాలకు ఎన్ని అని), వేడి 25, 26 డిగ్రీలు, క్యాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం (పది లక్షల భాగాలకు ఎన్ని అని). నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండాలి. ఈ రెండూ సున్నాకి దిగితే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని సంబరపడకండి. పగడం పాలిపోతుంది, గాజు మీద, ఇసుక మీద గోధుమరంగు జిగురు పట్టడం మొదలవుతుంది. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, అక్వేరియం వాళ్లు దాన్ని కొలిచేది ఇందులోనే. చెరువులో దీన్నే పీపీఎంలో చూసేవాళ్లం. ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం. కాబట్టి 8 డీకేహెచ్ అంటే దాదాపు 143 పీపీఎం. చెరువులో చూసి చూసి కళ్లకు అలవాటైన అంకెలకు ఇది దగ్గరే.

వీటన్నిటిలో రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ ఒక్కటే. పగడం ఎముక కట్టుకునేటప్పుడు క్యాల్షియం, ఆల్కలినిటీ రెంటినీ లాగుతుంది. కానీ ఒక డీకేహెచ్ పడిపోయేలోపు క్యాల్షియం 7 పీపీఎం మాత్రమే దిగుతుంది. క్యాల్షియం కిట్టుకు అది ఆనదు. అదే ఒక డీకేహెచ్ తేడా అయితే ఏ కిట్టుకైనా తెలుస్తుంది. సాలిఫర్ట్ చుక్కల కిట్టైనా, హానా చెకర్ మీటరైనా ఫరవాలేదు, రోజూ ఒకే వేళకి చూడాలి. పొద్దున లైటు వెలగకముందు ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె రావడం మామూలే.

300 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక పోను నీళ్లు 250 లీటర్లనుకోండి. మూడు రోజులు ఏ మందూ పోయకుండా కొలిస్తే 8.4, 8.0, 7.6 వచ్చింది. రోజుకు 0.4 ఖర్చవుతోందన్నమాట. 100 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల బేకింగ్ సోడా పడుతుంది. ఈ ట్యాంకుకు రోజుకు 3 గ్రాములే. దానికి జోడుగా క్యాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.6 గ్రాములు. రెంటినీ వేరువేరు సీసాల్లో ఆర్వో నీళ్లలో కరిగించాలి. ఒకటి పోశాక కనీసం పావుగంట ఆగి, రెండోది ప్రవాహం ఉన్న ఇంకో చోట పోయాలి. ఒక్కచోటే కలిస్తే తెల్లటి పొడిగా పేరుకుని రెండూ వృథా. డోసింగ్ పంపు ఉంటే రోజు మోతాదును పది పన్నెండు భాగాలుగా పంచి పెట్టండి. పంపు గొట్టం నెలలు గడిచేకొద్దీ సాగి, మోతాదు మారిపోతుంది. నెలకోసారి కొలపాత్రలోకి వదిలి చూసుకోవాలి.

ఆల్కలినిటీ 6.5కి పడిపోయిందని కనబడితే ఆ పూటే 8.5కి లాగాలని చూడకండి. రోజుకు అర డీకేహెచ్ చొప్పున నాలుగు రోజుల్లో ఎక్కించాలి. తక్కువ అంకె మీద నిలకడగా ఉన్న పగడం బతుకుతుంది. ఒక్క రాత్రిలో రెండు డీకేహెచ్ ఎగిరితే, కొమ్మల్లా పెరిగే అక్రోపోరా పగడానికి మొదలు దగ్గర్నుంచి తోలు ఊడుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు లేని ట్యాంకుల్లో ఆల్కలినిటీ 10, 11 దాటించినా కొసలు కాలినట్టు తెల్లబడతాయి. నీళ్లు మార్చే రోజున ఇంకో మెలిక ఉంది. కొన్ని రకాల డబ్బా ఉప్పు నీళ్లలో కలిపితే 11, 12 డీకేహెచ్ వస్తుంది. ట్యాంకు 8లో ఉందనుకోండి, పదో వంతు మారిస్తే తేడా 0.4, తట్టుకుంటుంది. సగం నీళ్లు మార్చారో, దెబ్బ. వారానికి పదిశాతం చాలు. కొత్త ఉప్పునీళ్లను పంపు పెట్టి తిప్పి, వేడి, ఉప్పదనం ట్యాంకుతో సరిపోయాకే పొయ్యాలి.

ఆవిరైపోయిన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. పొయ్యాల్సింది ఆర్వో-డీఐ నీళ్లు, అంటే ఆర్వో దాటాక డీఐ గుళికల్లోంచి కూడా వెళ్లి కరిగిన లవణాలు పోయిన నీళ్లు. ఇక్కడి నల్లా నీళ్లు సముద్రంలోంచి ఉప్పు తీసినవే అయినా నేరుగా పనికిరావు, క్లోరిన్ ఉంటుంది, పైపుల్లోంచి రాగి దిగొచ్చు. నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి, 1 పడితే డీఐ గుళికలు మార్చే వేళయిందని.

మేత సంగతి. రొయ్యలు ఒలవడం మనకెవరూ నేర్పక్కర్లేదు గానీ, ఒలిచి ఫ్రీజ్ చేసిన సూపర్ మార్కెట్ ప్యాకెట్లు వద్దు. నీరు పట్టి ఉంచడానికి వాటిలో చాలావాటికి ఫాస్ఫేట్ పట్టిస్తారు. అది సూటిగా ట్యాంకులోకి దిగుతుంది. తొక్కతో ఉన్న పచ్చి రొయ్య కొని మీరే ఒలిచి, బియ్యపు గింజంత ముక్కలు చెయ్యండి. లేదా మైసిస్ (చిట్టి రొయ్యలాంటి జీవులు) గడ్డ తెచ్చి ఆర్వో నీళ్లలో కరగనిచ్చి, చిన్న వలలో వడకట్టి రసం పారబొయ్యండి. ఆ రసాన్ని తినే నోళ్లు తక్కువ, నాచుకు మాత్రం అది పండగ.

ముందు చేపలకు మేత వెయ్యండి. కడుపు నిండిన చేప పగడం నోట్లోంచి లాక్కోదు. తర్వాత స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది), రిటర్న్ పంపు (కింది తొట్టి, అంటే సంప్ నుంచి నీళ్లు పైకి తోసేది), వేవ్ మేకర్ (ట్యాంకులో ప్రవాహం పుట్టించేది) ఆపాలి. రిటర్న్ ఆగితే సంప్‌లో నీళ్లు లేస్తాయి, స్కిమ్మర్ నడుస్తూ ఉంటే కప్పు పొంగి కుళ్లు నీళ్లన్నీ మళ్లీ అందులోకే పోతాయి. అందుకని ఆపేటప్పుడు మొదట స్కిమ్మర్, వేసేటప్పుడు చివర స్కిమ్మర్. ఇప్పుడు కొంచెం మేత నీళ్లలో చల్లి ఆగండి. వాసన తగిలాక పది పదిహేను నిమిషాల్లో అకాన్, ఫావియా లాంటి పెద్ద నోటి పగడాల్లో నోటి చుట్టూ దాగి ఉన్న కొసలు గాజుదారాల్లా బయటికొస్తాయి. అవి రాకుండా ముక్క పెడితే జారిపోవడమే. పొడుగు పిప్పెట్టు కొస రెండు వేళ్ల దూరంలో ఆపి, ముక్కను తోయకుండా మెల్లగా వదలాలి. కొస తగిలిన ముక్క అతుక్కుంటుంది, చుట్టూ మాంసం మడత పడుతుంది, నోరు తెరుచుకుని ముక్క లోపలికి పోవడం ఐదు నిమిషాలు కూర్చుంటే కళ్లారా చూడొచ్చు. హామర్, టార్చ్ పగడాలకు ఒక్కో తలకు ఒకటి రెండు మైసిస్‌లు చాలు. పెద్ద ముక్క పెడితే రాత్రికి కక్కేస్తుంది, తెల్లారేసరికి అది కుళ్లుతుంది. క్లీనర్ రొయ్య నోట్లోంచి పీక్కుపోతుంటే, ప్లాస్టిక్ సీసా అడుగు కోసి పగడం మీద బోర్లించి పెట్టండి. మూత తీసి ఆ దారినే పిప్పెట్టు పెట్టొచ్చు. ముక్కలు పెట్టాక పావుగంట దాటకుండా పంపులన్నీ వేసెయ్యాలి.

వారానికి ఒకటి, మహా అయితే రెండుసార్లు. అక్రోపోరా, మోంటిపోరా లాంటి చిన్న నోటివాటికి ముక్కలు అక్కర్లేదు. పొడి మేత ఇవ్వాలనుకుంటే డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతుతో మొదలెట్టి, వారం తర్వాత ఫాస్ఫేట్ చూసి అప్పుడు పెంచాలి. చెరువులో చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి సర్దినట్టే, ఇక్కడ ఫాస్ఫేట్ అంకె చూసి సర్దాలి. మా మాటడిగితే, ట్యాంకులో తిండి బాగా తినే చేపలు నాలుగుంటే చిన్న నోటి పగడాలకు వేరే మేతే దండగ. చేపల విసర్జనే వాటికి ఎరువు.

వెలుతురు, ప్రవాహం గురించి రెండు ముక్కలు. పెద్ద నోటి పగడాలకు పార్ (నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 150, అక్రోపోరాకు 200 నుంచి 350. కొత్తగా తెచ్చినదాన్ని అడుగున పెట్టి మూడు నాలుగు వారాల్లో పైకి జరపాలి. టార్చ్ మీదికి నేరుగా జెట్టు కొడితే మాంసం ఎముక మీద కోసుకుపోతుంది. అక్రోపోరాకు మాత్రం దిక్కు మారుతూ ఉండే గట్టి ప్రవాహం కావాలి.

జూలై, ఆగస్టుల్లో ఇంటివాళ్లు సెలవులకు వెళ్లిపోతారు, వెళ్తూ ఏసీ కట్టేస్తారు. పగడాల ట్యాంకులు ఎక్కువగా పోయేది అప్పుడే. హాలు వేడెక్కితే నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. దాన్ని చెక్క అల్మారాలో మూసిపెడితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ట్రిప్ అవుతుంది. అల్మారా తలుపు తీసిపెట్టాలి, లేదా వెనక చెక్క కోయించాలి. సంప్ మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఆవిరి పెరుగుతుంది, టాప్-అప్ నీళ్లు తొందరగా అయిపోతాయి. అలాగని పెద్ద డ్రమ్ము పెట్టకండి. నీళ్లు నిండగానే ఆపాల్సిన ఫ్లోటు ఇరుక్కుని మొత్తం దిగిపోతే? 250 లీటర్ల ట్యాంకులోకి 25 లీటర్ల మంచినీళ్లు దిగితే ఉప్పదనం 32 దగ్గర ఆగుతుంది. వంద లీటర్ల డ్రమ్ము దిగితే 25కి పోతుంది, ఇక ఏ పగడమూ మిగలదు. చిన్న డబ్బా పెట్టి, వాచ్‌మన్‌తో మూడు రోజులకోసారి నింపించండి.

నీళ్ల వేడి 28 డిగ్రీలు దాటితే ముందు లైటు సగానికి తగ్గించి ఎయిర్ స్టోన్ వెయ్యండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. ఐసు సీసాలు వేసినా గంటకు ఒక డిగ్రీకి మించి దించకండి. 'ఈ సముద్రంలో పగడాలు ఎండాకాలం 34, 35 డిగ్రీలు తట్టుకుంటాయి కదా' అని ఎవరైనా అంటే నమ్మి వదిలెయ్యకండి. ఆ మాట నిజమే, కానీ అవి ఇక్కడ పుట్టి ఈ వేడికి అలవాటుపడినవి. షాపుల్లో అమ్మేవి ఎక్కువగా ఇండోనేషియా, ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి.

తెల్లబడిన పగడం, చచ్చిన పగడం ఒకటి కాదు. వేలితో తాకకుండా పక్క నుంచి టార్చి లైటు వేసి చూడండి. ఎముక మీద అద్దంలాంటి పొర, నోళ్లు కనబడుతుంటే నాచు వెళ్లిపోయిందంతే. లైటు తగ్గించి, తేలిగ్గా మేతనిస్తూ నెలలు ఓపిక పడితే రంగు తిరిగొస్తుంది. పొర లేక ఒట్టి ఎముకే ఉంటే కొద్ది రోజుల్లో పచ్చనాచు పడుతుంది. హామర్, టార్చ్ మీద గోధుమరంగు జిగురు ముద్దలా కనబడితే అది బ్రౌన్ జెల్లీ. పంపులన్నీ ఆపి, గొట్టంతో జిగురు బయటికి పీల్చేసి, ఆ తలను కోసి వేరే బకెట్లోకి తియ్యండి. పక్క తలకు అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు. అక్రోపోరా మొదలు నుంచి ఊడుతుంటే, ఊడిన గీతకు రెండు సెంటీమీటర్లు పైన, బాగున్న కొమ్మల్ని కట్టర్‌తో కత్తిరించి, జెల్ సూపర్ గ్లూతో కొత్త రాయికి అతికించాలి. మొత్తం చెట్టుని కాపాడాలని కూర్చుంటే కొమ్మ కూడా దక్కదు.

రోజుకు ఐదారిళ్లు తిరిగే పనిలో తెగులును మోసేది మనమే. ఒకింటి వల, బకెట్, పిప్పెట్టు ఇంకో ఇంట్లో ముంచకండి. వీలు కాకపోతే మంచినీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కొత్త అక్రోపోరాను డిప్పులో, అంటే పురుగుల మందు కలిపిన నీళ్లలో, ముంచితే దానికి పట్టిన పురుగు పోతుంది, గుడ్లు పోవు. అందుకే కింది ప్లగ్గు విరిచి పారేసి, వారానికోసారి మళ్లీ మళ్లీ ముంచుతూ వేరే తొట్టిలో ఉంచాలి. చేపల మందుల్లో రాగి ఉంటే పగడాల ట్యాంకులో చుక్క కూడా వద్దు. బొద్దింకల మందు కొట్టేవాళ్లు, బఖూర్ (అరబ్బుల సాంబ్రాణి) పొగ వేసేవాళ్లు ఉంటే ఆ పూట స్కిమ్మర్ ఆపించండి, అది గదిలో గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. ఇక మీ ఒంటికి సంబంధించినది: జోయాంథిడ్లు (ఎముక లేని, గుండీల్లాంటి చిన్న జీవులు) పట్టిన రాళ్లను వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చెయ్యకండి. వాటిలో ఉండే పాలీటాక్సిన్ ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రి పాలే. కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోవాలి. కరెంటు తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడుతూ ఉండాలి, కారిన నీళ్లు ప్లగ్గులోకి పాకకుండా.

సెలవు మీద ఊరికి వెళ్లేటప్పుడు మీ చోట వచ్చేవాడు మలయాళీయో ఫిలిప్పీనో కావచ్చు. మన బరంపురం కుర్రాడే అయినా ఒడియా బడిలో చదివి తెలుగు రాయడం రానివాడు కావచ్చు. అందుకని డోసింగ్ సీసాలకు ఎర్ర టేపు, నీలం టేపు చుట్టి, పక్కన గ్రాములు అంకెల్లో రాసి ట్యాంకు కింద అతికించండి. గత నెల ఆల్కలినిటీ అంకెలున్న కాగితం కూడా అక్కడే ఉంచండి.

ఓనరు ముచ్చటపడి చిన్న కొమ్మ ఇచ్చినా, ఎండిన ఎముక ఇచ్చినా సూట్‌కేసులో పెట్టుకోకండి. రాతి పగడాలన్నీ సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. మన దగ్గరైతే 2001 నుంచి రీఫు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో చేర్చారు, అంటే పులితో సమానమైన రక్షణ. బరంపురంలో రీఫ్ ట్యాంకు షాపు పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పగడాల జోలికి పోకుండా చేపల ట్యాంకులు, ఆర్వో ప్లాంట్లు, చెరువులకు నీళ్ల పరీక్షలు అయితే పెట్టుకోండి, ఆ మూడింటికీ ఇక్కడ నేర్చిన పని సరిపోతుంది.