రిగ్గు ఎక్కే ముందు ఇంట్లో చెప్పాల్సినవి

శ్రీకాకుళం, కాకినాడ వైపు నుంచి చెన్నై వచ్చి ఆఫ్‌షోర్ కోర్సులు (సముద్రంలో రిగ్గుల మీద చమురు, గ్యాస్ తవ్వే పనికి) చేసే కుర్రాళ్ళు ముందు అడిగేది జీతం ఎంతొస్తుందని. వాళ్ళమ్మలు అడిగేది రిగ్గు పేలిపోతుందా అని. రెండూ అడగాల్సినవే. అయితే పెద్ద ప్రమాదాల వెనక్కి వెళ్ళి చూస్తే మళ్ళీ మళ్ళీ కనబడేది ఒకటుంది: ఒకరికి తెలిసిన సంగతి పక్కవాడికి చేరలేదు.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మీద జరిగింది అదే. పగటి షిఫ్టువాళ్ళు ఒక కండెన్సేట్ (గ్యాస్ నుంచి వచ్చే తేలిక నూనె) పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ పైపు నోటికి బ్లైండ్ ఫ్లాంజి (మూత పళ్ళెం) పెట్టి వెళ్ళారు. పని ఇంకా మిగిలే ఉంది. ఆ సంగతి రాసిన పర్మిట్ (పని అనుమతి కాగితం) రాత్రి షిఫ్టువాళ్ళ కంట పడలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి మొదటిదాన్ని స్టార్ట్ చేశారు. గ్యాస్ బయటికి చిమ్మి పేలింది. 167 మంది చనిపోయారు.

అందుకే షిఫ్టు మారేటప్పుడు ‘అంతా ఓకే’ అని చెప్పి రూముకు వెళ్ళిపోకండి. ఏ పర్మిట్ నడుస్తోంది, ఏ వాల్వు మూసి ఉంది, ఏది విప్పి ఉంది అనేవి ఆ చోటికే తీసుకెళ్ళి చూపించి అప్పగించాలి. పంపు విప్పే పనైతే కరెంటు తీయించి, అటూ ఇటూ వాల్వులు మూసి, మీ తాళం మీరే వేసి, ట్యాగ్ కట్టాలి. స్టార్ట్ బటన్ నొక్కి పంపు తిరగడం లేదని తేల్చుకోవాలి. గేజి సున్నా చూపించిందని బోల్టుల మీద చెయ్యి వేయొద్దు. గేజికి వెళ్ళే సన్నటి దారి మైనంతోనో ఇసుకతోనో మూసుకుపోతే లోపల ప్రెషర్ ఉన్నా ముల్లు కదలదు. డ్రెయిన్ తెరిచి చూడాలి. ఫ్లాంజి విప్పేటప్పుడు మీకు అవతలివైపు బోల్టు ముందు వదులు చేయండి. లోపల ఏదైనా మిగిలి ఉంటే మీ ముఖం మీదికి కాకుండా అటువైపు చిమ్ముతుంది.

డ్రిల్ ఫ్లోర్ మీద పోయేవి ముందు వేళ్ళు. 5 అంగుళాల డ్రిల్ పైపు ఒక జాయింటు తొమ్మిదిన్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, బరువు దాదాపు 300 కిలోలు. స్లిప్స్ (పైపు జారకుండా పట్టి ఉంచే బిగింపులు) పెట్టేటప్పుడు చేతులు హ్యాండిల్ మీదే ఉండాలి. టాంగ్ (పైపు బిగించే పెద్ద రెంచి) తిరిగే మేరలో గానీ, బిగిసిన వైర్‌రోపు దారిలో గానీ నిలబడకూడదు. పైన డెరిక్‌లో (రిగ్గు మీది టవర్‌లో) 30 మీటర్ల ఎత్తు నుంచి అరకిలో స్పానర్ జారితే కింద తగిలేసరికి దాని వేగం గంటకు 85 కిలోమీటర్లు దాటుతుంది. హెల్మెట్ దానికి ఆగదు. పైకి తీసుకెళ్ళే ప్రతి పనిముట్టుకూ తాడు ఉండాల్సిందే.

వేలే కదా అనుకోవద్దు. 2005 జూలై 27న ముంబై హై నార్త్ అనే సముద్ర చమురు ప్లాట్‌ఫాం ప్రమాదానికి మొదలు ఓడలో ఒక వంటవాడి చేతివేళ్ళకు తగిలిన గాయం. వానాకాలం, హెలికాప్టర్లు ఎగరడం లేదు. అతన్ని ప్లాట్‌ఫాం మీదికి చేర్చడానికి దగ్గరికొచ్చిన ఆ ఓడ, సముద్ర సురక్ష, గ్యాస్ రైజర్‌ను (సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫాం మీదికి వచ్చే పైపును) గుద్దింది. 22 మంది పోయారు, ప్లాట్‌ఫాం మొత్తం కాలిపోయింది.

హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది, వాసన ఆగిపోతుంది. గ్యాస్ పోయిందనుకుని నిలబడ్డవాడు అక్కడే కూలిపోతాడు. అది గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) చూసి గాలి వచ్చే దిక్కుకు, వీలైతే పైకి వెళ్ళాలి. పడిపోయిన స్నేహితుణ్ణి బ్రీతింగ్ సెట్ లేకుండా లాగబోతే ఇద్దరూ పోతారు.

ఇక ఇల్లు. రోజుకు 12 గంటలు, 28 రోజులు అక్కడ, 28 రోజులు ఇక్కడ అన్నది కాగితం మీది లెక్క. వాతావరణం బాగోకపోయినా, బదులు మనిషి రాకపోయినా సంక్రాంతి అక్కడే అవుతుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడికి ఇంట్లో మొదటి కొన్నాళ్ళు నిద్ర దారికి రాదు. పిల్లల ఫీజు, అద్దె, అత్తమామల ఆసుపత్రి ఆ నెలంతా భార్యే చూసుకుంది. వచ్చీ రాగానే ‘ఇదెందుకిలా చేశావు’ అని అడగడం అన్యాయం. డే రేట్ ఉద్యోగమైతే ఇంట్లో ఉన్న రోజులకు పైసా రాదు, కాబట్టి ఈఎంఐని పన్నెండు నెలల జీతం మీద కాకుండా ఆరు నెలల జీతం మీద లెక్కేయండి.

2021 మే 17న తౌక్తే తుపానులో ముంబై దగ్గర సముద్రంలో పనివాళ్ళు బస చేసే పీ-305 బార్జి మునిగినప్పుడు అందులో 261 మంది ఉన్నారు. కొన్ని మృతదేహాలను డీఎన్ఏ పరీక్ష చేసి గానీ గుర్తించలేకపోయారు. మీరు ఎక్కేది ఏ రిగ్గు, ఏ బార్జి, జీతమిచ్చేది అసలు కంపెనీయా, కాంట్రాక్టరా, వాడి కింద సబ్ కాంట్రాక్టరా అనేది ఇంట్లో రాసిపెట్టి వెళ్ళాలి. అగ్రిమెంటు కాపీ, మెడికల్ సర్టిఫికెట్, నామినీ కాగితాలు ఆమె దగ్గర ఉండాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉండాలి.

గల్ఫ్ ఉద్యోగమని చెప్పే ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నాయో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే చెన్నైలోనే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు (విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) ఉంది, వెళ్ళి అడగండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఫారంలో ఉద్యోగం దగ్గర ‘ఇంజనీర్’ అని ఊరుకోకుండా ఆఫ్‌షోర్ డ్రిల్లింగ్ అని రాయించండి. ప్రీమియం కాస్త పెరిగినా సరే, దాచిపెట్టారన్న సాకుతో రేపు ఆమె క్లెయిమ్‌ను తోసిపుచ్చే వీలుండదు.